సగాయింగ్‌కు చేరని సాయం: అసలు మలుపు ఎక్కడ?

మయన్మార్ భూకంప నిర్వాసితులకు పంపే సాయాన్ని సైనిక ప్రభుత్వం చేతికే ఇవ్వాలా, నేరుగా బాధితులకు చేర్చాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. బాలాపూర్‌లో వేల మంది రోహింగ్యాలు తలదాచుకుంటున్న హైదరాబాద్‌కు ఇది పరాయి గొడవేమీ కాదు. 2025 మార్చి 28న, మక్కా మసీదు రంజాన్ ఆఖరి శుక్రవారం నమాజుకు సిద్ధమవుతున్న వేళ, మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూమి కంపించింది. వాయవ్య ప్రాంతమైన సగాయింగ్‌లోనూ, దాని పక్కనున్న మాండలేలోనూ మసీదులు కూలి వందల మంది చనిపోయారు. మొత్తం మృతులు 3,700 దాటారు.

2021లో సైన్యం గద్దెనెక్కిన తీరు అందరికీ తెలిసిందే. ఆ తర్వాత సగాయింగ్‌లో జరిగినదే నేటి వివాదానికి మూలం. సైనిక పాలనపై ప్రతిఘటన బలంగా ఉన్న పల్లెలను సైన్యం తగలబెట్టింది. తిండి, డబ్బు, సమాచారం, మనుషులు ప్రత్యర్థులకు అందకుండా చేసే 1960ల నాటి ‘నాలుగు కోతలు’ ఎత్తుగడను మళ్లీ బయటికి తీసింది. భూకంపం నాటికి దేశంలోని 35 లక్షల నిర్వాసితుల్లో మూడో వంతు ఆ ఒక్క ప్రాంతంలోనే ఉన్నారు. నిధులు చాలక ఏప్రిల్ నుంచి పది లక్షల మందికి ఆహారం ఆపేస్తామని ప్రపంచ ఆహార కార్యక్రమం ప్రకటించి అప్పటికి రెండు వారాలే అయింది.

ఐరావతిపై 1934 నాటి ఆవా వంతెన నదిలోకి కూలింది. అయితే, పక్కనే కొత్త వంతెన ఉన్నా సాయం అవతలి ఒడ్డున ఉన్న సగాయింగ్‌కు తగినంతగా చేరకపోవడానికి అసలు అడ్డంకి తనిఖీ కేంద్రాలూ, అనుమతి పత్రాలేనని స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు మొదటి నుంచీ చెబుతున్నారు. వారి మాటను కొట్టిపారేయడం కష్టం. 2008లో నర్గీస్ తుపాను వేళ విదేశీ సహాయకులను వారాల తరబడి నిలిపివేసిందీ, 2023లో మోఖా తుపాను తర్వాత రఖైన్‌లో సహాయ సంస్థల రాకపోకలకు అనుమతులు ఆపిందీ సైనిక పాలకులే. భూకంపం తర్వాత షాన్ రాష్ట్రంలో సాయం తీసుకెళ్తున్న చైనా రెడ్‌క్రాస్ వాహనశ్రేణి వైపు సైన్యం కాల్పులు జరిపింది; ముందుగా సమాచారం ఇవ్వలేదనీ, ఆపమన్నా ఆగలేదనీ చెప్పింది. భూకంపం తర్వాత ప్రకటించిన కాల్పుల విరమణ అమల్లో ఉండగానే 2025 మే 12న సగాయింగ్‌లోని డెపాయిన్‌లో బడిపై వైమానిక దాడి జరిగి పిల్లలు మరణించారు.

భూకంప సాయం కోసం భారత్ చేపట్టిన ‘ఆపరేషన్ బ్రహ్మ’ విమానాలు యాంగోన్, నేపిడాలలో దిగాయి. సైనిక వైద్యశాల మాండలేలో వెలిసింది. సగాయింగ్ మాత్రం మన మణిపుర్‌కు ఆనుకునే ఉంది. మణిపుర్ సరిహద్దు పట్టణం మోరే దాటితే తమూ పట్టణం ఆ ప్రాంతంలోనిదే. ఆ సరిహద్దులో ఇరువైపుల వాసులు వీసా లేకుండా తిరిగేందుకు వీలిచ్చే స్వేచ్ఛా రాకపోకల విధానాన్ని రద్దు చేస్తున్నట్లు కేంద్రం 2024 ఫిబ్రవరిలోనే ప్రకటించింది.