వాకిట్లోంచి ఫోనులోకి: సరిహద్దు ఊళ్ళలో బాకీ వసూళ్ల నేపథ్యం

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా వీధి చివర ఒక ఇల్లాలు కుట్టుపని చేసుకుని బతుకుతోంది. రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం నేను జాకెట్టు బట్ట ఇవ్వడానికి వెళ్ళి కూర్చున్న అరగంటలో ఆమె ఫోను తొమ్మిదిసార్లు మోగింది. మొదటి నాలుగు కాల్స్ ఒడియా కలిసిన హిందీలో వచ్చాయి. అయిదోది తెలుగులో వచ్చింది: "మీ వదినగారు మూడు కిస్తీలు ఎగ్గొట్టారు, ఆమె ఫోను తియ్యడం లేదు, మీరైనా చెప్పండి, లేకపోతే మీ ఇంటికే వస్తాం." ఆ తరువాత ఆమె ఫోనును మిషను మీద బోర్లా పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. ఆమెకు ఎవరికీ ఒక్క పైసా బాకీ లేదు. ఆంధ్ర వైపు పాతపట్నంలో ఉండే వదిన ఫోనులో ఈమె నంబరు ఉండటమే ఈమె చేసిన తప్పు. అప్పు తీసుకోని మనిషిని అప్పు కోసం వేధించడం ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలంటే ఫోను పుట్టకముందు కాలానికి వెళ్ళాలి.

బాకీ వసూలుకు మన ప్రాంతంలో మొదటి నుంచీ వాడిన ఆయుధం పరువే. షావుకారు వాకిట్లో కూర్చుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదని మా అమ్మమ్మ చెప్పేది. కొరాపుట్, జయపురం కొండల్లో ఇంకా ఘోరంగా ఉండేది. అక్కడ గొతి పేరిట అప్పు తీరేదాకా మనిషే చాకిరీ చేయాల్సి వచ్చేది, ఆ చాకిరీ తండ్రి నుంచి కొడుక్కి దిగేది. దాన్ని రద్దు చేస్తూ ఒడిశా ప్రభుత్వం 1948లో ప్రత్యేక నిబంధన తెచ్చింది, దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. పడమటి సరిహద్దున, ఇప్పటి మహారాష్ట్ర వైపు, 1946 నాటి బొంబాయి వడ్డీ వ్యాపారుల చట్టం బాకీదారు వెంట చోటు నుంచి చోటికి తిరగడాన్నీ, వాళ్ల ఇంటి దగ్గర తచ్చాడడాన్నీ శిక్షించదగిన నేరంగా రాసింది. చేతిలో ఫోను లేని రోజుల్లోనే చట్టం గుర్తించిన వేధింపు ఇది అని నేను నొక్కి చెప్పదలచుకున్నాను, ఎందుకంటే నేటి కాల్స్‌ను కొందరు కొత్త రోగంగా చూసి, దానికి మందే లేదని నిరాశపడుతున్నారు.

మన రెండు వైపులా పరిస్థితిని నిజంగా మార్చింది మైక్రోఫైనాన్స్, అంటే పేదిళ్లకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే వ్యాపారం. ఆంధ్రప్రదేశ్‌లో గ్రూపు అప్పులు ఊరూరా పాకిన తరువాత, ఒకే ఇంటి మీద మూడు నాలుగు కంపెనీల వారం కిస్తీలు పడ్డాయి. ఒక సభ్యురాలు కట్టకపోతే మిగతా వాళ్లే కట్టాలన్న షరతు వల్ల, వసూలుకొచ్చిన కంపెనీ సారు నోరు విప్పాల్సిన అవసరం లేకుండానే తోటి ఆడవాళ్లే ఆమె గుమ్మంలో నిలబడేవారు. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, దాంతో అక్కడ ఈ వ్యాపారం దాదాపు నిలిచిపోయింది. రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది, అదే ఏడాది డిసెంబరులో ఈ కంపెనీలకు ప్రత్యేక తరగతి, ప్రత్యేక నిబంధనలు ఏర్పడ్డాయి. అయితే ఆంధ్రలో తలుపు మూసుకుపోయిన పెట్టుబడి ఊరుకోలేదు, ఒడిశా సహా ఇతర రాష్ట్రాల వైపు మళ్లింది. మహేంద్రతనయ ఏటికి అవతల ఆగిపోయిన కిస్తీల మీటింగు ఇవతల మళ్ళీ మొదలైంది. ఏటికి ఆ గట్టునా ఈ గట్టునా ఉన్నది ఒకే కుటుంబాలే, ఒకే బంధుత్వాలే కనుక, ఒక గట్టు మీద నేర్చుకున్న భయం రెండో గట్టుకు చేరడానికి ఆట్టే కాలం పట్టలేదు.

బ్యాంకుల వైపు కథ మరో దారిలో నడిచింది. వసూలుకు బలవంతుల్ని పంపడాన్ని సుప్రీంకోర్టు 2007లో తీవ్రంగా తప్పుపట్టింది. 2008 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు వసూలు ఏజెంట్లపై మార్గదర్శకాలు ఇచ్చింది: ఏజెంటుకు వంద గంటల శిక్షణ ఉండాలి, బాకీని ఏ ఏజెన్సీకి అప్పగించారో బాకీదారుకు ముందే తెలపాలి, ఫోను మాటలు రికార్డు చేయాలి. కాగితం మీద ఇవి చాలా మంచి నిబంధనలు. వాటిని అమలు చేయించుకోవలసిన మనిషికి అవి ఉన్నాయనే తెలియకపోవడమే పెద్ద లోపంగా నాకు కనిపిస్తుంది. 2022 ఆగస్టులో వచ్చిన మరో ఉత్తర్వు ప్రకారం ఉదయం ఎనిమిది గంటలకు ముందు, రాత్రి ఏడు గంటల తరువాత వసూలు కాల్స్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకు అదే ఏడాది మార్చిలో ఇంకా కట్టుదిట్టమైన వేళలు వచ్చాయి: ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకే. బూతులు, బెదిరింపులు, ఎడతెగని కాల్స్, బాకీదారు బంధువులనూ స్నేహితులనూ తోటి పనివాళ్లనూ వేధించడం, ఇవన్నీ అందులో పేరుపెట్టి నిషేధించినవే. మా వీధి ఇల్లాలికి వచ్చినలాంటి కాల్స్‌ను ఆపడానికే ఆ నిషేధం.

వ్యాపార ప్రచారపు కాల్స్ సంగతి వేరు కనుక క్లుప్తంగా చెబుతాను. వద్దనుకునేవాళ్ల పేర్ల జాబితా 2007లో మొదలైంది, 1909కు ఫోను చేసి లేదా మెసేజీ పంపి అందులో నమోదు చేసుకోవచ్చు. 2018లో నిబంధనలు మళ్ళీ తిరగరాశారు. 2025 ఫిబ్రవరి సవరణతో, కాల్ వచ్చాక ఫిర్యాదు చేయడానికి ఉన్న గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లు, లావాదేవీ, సేవా కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది. అందువల్ల మామూలు పదంకెల నంబరు నుంచి ఎవరైనా బ్యాంకు పేరు చెబితే వెంటనే నమ్మనక్కరలేదు.

వదినగారి అప్పు కంపెనీ మీటింగులో తీసుకున్నది కాదు, ఫోనులో తీసుకున్నది. లోన్ యాప్‌ల ఆగడాలు 2020 చివర తెలంగాణలో బయటపడ్డాయి. ఆత్మహత్యలు, కాల్ సెంటర్ల మీద పోలీసు దాడులు, అరెస్టుల నడుమ ఆ డిసెంబరులోనే రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. యాప్ పెట్టుకునేటప్పుడు అడిగిన అనుమతులన్నిటికీ సరే అని నొక్కగానే, ఫోనులో ఉన్న ప్రతి నంబరూ వాళ్ల చేతికి చేరేది. గ్రూపు అప్పులో పూచీ పడ్డ పది మంది ఆడవాళ్లకు ఒకరి ముఖాలు ఒకరికి తెలుసు, ఇష్టంగానో అయిష్టంగానో సంతకం చేసి కూర్చున్నారు. ఇక్కడ మాత్రం వియ్యపురాలు, పాలవాడు, బడి పంతులు అందరూ తమకు తెలియకుండానే జామీనుదారులైపోయారు. పాత షావుకారు వాకిట్లో నిలబడితే ఒక వీధికే తెలిసేది, ఈ పద్ధతిలో మనిషి బంధువర్గమంతటికీ ఒకే పూట తెలిసిపోతుంది. 2022 సెప్టెంబరు నాటి డిజిటల్ రుణ మార్గదర్శకాలు ఫోనులోని నంబర్ల జాబితా, ఫొటోలు, కాల్ వివరాల జోలికి పోవద్దన్నాయి, 2023 మే నెలాఖరు నుంచి గూగుల్ కూడా తన ప్లే స్టోరులోని వ్యక్తిగత రుణ యాప్‌లకు నంబర్లు, ఫొటోలు తీసుకోవడాన్ని నిషేధించింది. అంతకు ముందే చేతులు మారిన జాబితాలనూ, లింకు పంపి నేరుగా ఫోనులోకి దించే యాప్‌లనూ ఈ నిబంధనలు ఆపలేవు.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇవన్నీ మరో మెలికతో ఎదురవుతాయి. అప్పు ఆంధ్రలో, బంధువు ఒడిశాలో, ఫోను చేసే మనిషి ఏ ఊళ్ళోనో. స్టేషనుకు వెళితే ఇది మా పరిధి కాదన్న జవాబు ఇన్నాళ్లూ తేలికగా వచ్చేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టంలోని 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. పేరు దాచి బెదిరించడాన్ని కొత్త శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ నేరంగా చూస్తుంది. మోసపు యాప్ లేదా డబ్బు పోయిన వ్యవహారమైతే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయాలి. రిజర్వు బ్యాంకు అజమాయిషీలో ఉన్న కంపెనీ అయితే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ముప్పై రోజుల్లో పరిష్కారం దొరకకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు వెళ్ళాలి, ఆ దారి చెప్పే నంబరు 14448. మైక్రోఫైనాన్స్ అప్పు వివరాల పత్రం తీసుకున్నవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా నిబంధన ఉంది. పర్లాకిమిడిలో తెలుగు మాత్రమే చదవగలిగిన ఆడవాళ్లు ఒడియా కాగితం మీద వేలిముద్ర వేయనక్కరలేదు, తెలుగు కాగితం అడగవచ్చు.

కాల్ చేసినవాళ్లు జైల్లో పెట్టిస్తామంటే మాత్రం భయపడవద్దు. కట్టే స్తోమత లేకపోవడం ఒక్కటే కారణంగా బాకీదారును జైల్లో పెట్టడం తగదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. తీసుకున్న అప్పు తీర్చాల్సిందే, దాని మీద సివిలు దావా వేసే హక్కు ఇచ్చినవాళ్లకు ఉంటుంది. దావా వేసే హక్కు ఉన్నంత మాత్రాన ఆడబిడ్డకు ఫోను చేసి బెదిరించే హక్కు రాదు.

మా వీధి ఇల్లాలు చివరికి కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీసింది. తేదీ, వేళ, నంబరు, అవతలివాళ్లు చెప్పిన పేరు, అన్న మాట. ఎత్తిన ప్రతిసారీ మీ పేరేమిటి, ఏ కంపెనీ, మీకు అప్పగించిన కాగితం చూపించండి అని మూడే ప్రశ్నలు అడిగింది, ఎక్కువ మంది రెండో ప్రశ్నకే పెట్టేశారు. ఇరవై రెండు రోజులకు రెండు పేజీలు నిండాయి. ఎనిమిదో తరగతి చదివే కొడుకు ఆ తెలుగు పట్టికను చూసి ఒడియాలో తెల్లకాగితం మీద ఎత్తి రాశాడు, ఆ కాగితాన్నే ఆమె స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకుంది.