రోమన్ సెనేటర్ల చరిత్ర: పుస్తకం ఒకటంటే కంచురేకు ఇంకోటంటుంది

అపోహ: రోమన్ చరిత్రకారుడు టాసిటస్ "కోపమూ పక్షపాతమూ లేకుండా" రాస్తానన్నాడు, కాబట్టి తటస్థుడే.

వాస్తవం: ఆయన సెనేటర్, అంటే రోమ్ పెద్దల సభ సభ్యుడు. క్రీ.శ. 88లో, నిరంకుశ చక్రవర్తి డొమీషియన్ ఏలుబడిలోనే ప్రీటర్ (ఉన్నత న్యాయాధికారి) అయ్యాడు. 97లో కాన్సుల్, అన్నిటికన్నా పెద్ద పదవి. నిరంకుశుడి కింద పదవులు అందుకున్న తరం, ఆ నిరంకుశుడు పోయాక రాసిన చరిత్ర అది. అలాగని పక్కన పెట్టేయకండి, సెనేట్ కార్యకలాపాల రికార్డులు చూసినవాడు. ప్రతి పేజీలోనూ జరిగిన సంగతి వేరు, "జనం అనుకున్నారు" అని ఆయన జోడించే గుసగుస వేరు. రెండు రంగుల్లో గీతలు గీసుకుని చదవండి.

అపోహ: రచయితలు అబద్ధమాడొచ్చు, శాసనం ఆడదు.

వాస్తవం: మన రాజుల ప్రశస్తులు చదివినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చక్రవర్తి టైబీరియస్ దత్తపుత్రుడు జెర్మానికస్ మరణం తర్వాత, ఆ కేసులో నిందితుడైన పీసోపై సెనేట్ చేసిన తీర్మానం స్పెయిన్‌లో కంచురేకుల మీద దొరికింది, 1996లో అచ్చయింది. దాని తేదీ క్రీ.శ. 20, డిసెంబర్ 10. టాసిటస్ మాత్రం పీసో విచారణ ముగిశాకే టైబీరియస్ కొడుకు డ్రూసస్ విజయోత్సవ ప్రవేశం జరిగినట్టు రాశాడు. రోమ్ రేవుపట్నం ఒస్తియాలోని పంచాంగ శాసనం ప్రకారం ఆ ప్రవేశం మే 28న. ఈ మూడూ ఒకచోట ఇమడవు, పండితుల వాదన నేటికీ నడుస్తోంది. అయితే పీసో భార్య ప్లాంకీనాను చక్రవర్తి తల్లి లివియా అడిగినందుకే వదిలేశామని తీర్మానమే బాహాటంగా చెబుతుంది. టాసిటస్ రాసిందీ ఇదే, ఇక్కడ ఆయన గెలిచాడు. కానీ ఆ రేకులో చక్రవర్తి కుటుంబానికి పొగడ్తలు కూడా బారెడు ఉన్నాయి. ప్రతి రాష్ట్రంలో జనం ఎక్కువగా మసలే నగరంలో, ప్రతి లెజియన్ (సైనిక దళం) శీతకాలపు శిబిరంలో దాన్ని నిలబెట్టమన్నారు. తీర్పుతో పాటు ప్రచారం కూడా.

గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) పెద్దలకు రోమ్‌లో పదవులివ్వాలని 48లో చక్రవర్తి క్లాడియస్ చేసిన ప్రసంగం ఇంకో పాఠం. 1528లో లియోన్‌లో దొరికిన రేకు మీద ఆయన దారితప్పుతూ, చివరికి తనను తానే పిలుచుకుని "ఇక నీ మాట ఎటు పోతోందో చెప్పు" అంటాడు. టాసిటస్ దాన్ని చెక్కి నున్నగా చేసి పెట్టాడు. వాదం దాదాపు అదే, గొంతు మాత్రం టాసిటస్‌ది.

అపోహ: ఒకరు చేసిన పదవులన్నీ చెక్కిన శాసనాన్ని పైనుంచి కిందికి చదివితే జీవితచరిత్ర వచ్చేస్తుంది.

వాస్తవం: ముందు కాన్సుల్ (చాలాచోట్ల COS అని కుదించి రాస్తారు) ఎక్కడుందో చూడండి. పెద్ద పదవిని వరుస తప్పించి ముందుకు తెచ్చేవారు. తర్వాత మిగతావి ఎక్కుతున్నాయా దిగుతున్నాయా తేల్చండి. ఉత్తరాలకు పేరుపడ్డ సెనేటర్ చిన్న ప్లినీ శాసనం దిగే వరుస. అందులో సైనిక ఖజానా అధికారి పదవి ఉంది, ఆయన ఉత్తరాల్లో దాని ఊసే లేదు. అది డొమీషియన్ చివరి ఏళ్ల నాటిదని ఎక్కువమంది లెక్క. నిరంకుశుడి కింద చేసిన పదవిని దాచాడనడానికి ఆ మౌనమే ఆధారం.

శాసనం తేదీకి చక్రవర్తి ట్రిబ్యూన్ అధికారపు సంఖ్య చూడండి, అంటే ఏటా కొత్తగా లెక్కించే ఆ అధికారం ఎన్నోదో. క్లాడియస్‌ది ఎనిమిదోది అంటే 48 జనవరి 25 నుంచి 49 జనవరి 24 దాకా. జనవరి 1 నుంచి లెక్కేస్తే ఏడాది తప్పొచ్చు.

అపోహ: అచ్చులో ఉన్నదంతా రాతి మీదా ఉంటుంది.

వాస్తవం: చదరపు బ్రాకెట్లలోవి సంపాదకుడు ఊహించి నింపినవి. గుండ్రటి బ్రాకెట్లు కుదింపు విప్పినవి. జంట చదరపు బ్రాకెట్లు పనిగట్టుకుని చెరిపేసినవి. చదరపు బ్రాకెట్లలోని పదం మీద వాదం కడితే అది సంపాదకుడి మీద కట్టినట్టే.

అపోహ: చెరిపేసిన పేరు ఇక పోయినట్టే.

వాస్తవం: 203లో కట్టిన చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ తోరణం మీద ఆయన చిన్న కొడుకు గెటా పేరుండేది. 211లో అతన్ని చంపించిన అన్న కరకల్లా ఆ చోట వేరే బిరుదులు పెట్టించాడు. పాత కంచు అక్షరాల మేకుల రంధ్రాలు నాలుగో వరుసలో ఇంకా ఉన్నాయి. వాటిని కలుపుకుంటే గెటా పేరు చదవొచ్చు.