సమాధుల తోటలో సున్నం ఎందుకు వేస్తారు?

ఈస్టర్‌కు వారం ముందు నుంచే గుంటూరు, విజయవాడల్లోని క్రైస్తవ శ్మశానాల్లో సున్నం బకెట్లు కనిపిస్తాయి. మట్టల ఆదివారం అయిపోగానే ఇంట్లో ఎవరో ఒకరు పార, చీపురు పట్టుకుని బయల్దేరతారు. గడ్డి పీకి, సమాధికి వెల్ల వేసి, వెలిసిపోయిన పేరు మీద నల్లరంగు దిద్దిస్తారు. ఈస్టర్ రోజు తెల్లవారక ముందే కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని కుటుంబాలు అక్కడికి చేరతాయి. ‘ప్రభువు లేచెను’ అని పాస్టరుగారు అంటే, ‘నిజముగా లేచెను’ అని జనం బదులిస్తారు. శ్మశానానికి వెళ్లొస్తే తలస్నానం చేయందే గడప దాటనివ్వని ఊళ్లు మనవి. అలాంటిచోట పండుగ పూట, పిల్లల్ని వెంటేసుకుని మరీ అక్కడికే వెళ్లడం పక్కింటివాళ్లకు వింతగా ఉంటుంది. ‘అయితే మీకూ మళ్లీ పుట్టడం ఉందన్నమాట’ అని నా స్నేహితుడొకడు చాలాకాలం అనుకున్నాడు.

లేదు. పునర్జన్మ వేరు, పునరుత్థానం వేరు. పునర్జన్మలో ఆత్మ పాత బట్ట విడిచి కొత్తది కట్టుకుంటుంది. పునరుత్థానంలో అలా మారడం ఉండదు. ఈ మనిషే, ఈ పేరుతోనే, ఈ ఒంటితోనే మళ్లీ లేస్తాడు. నిజానికి ఉత్థానం అన్నమాట తెలుగువాళ్లకు కొత్త కాదు. కార్తీకమాసంలో విష్ణువు యోగనిద్ర నుంచి లేచే రోజును ఉత్థాన ఏకాదశి అంటాం. నిద్ర లేవడమే ఇక్కడా అర్థం. అందుకే మనవైపు క్రైస్తవులు చనిపోయినవారిని ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. శ్మశానాన్ని సూచించే పాత గ్రీకు మాటకు కూడా ‘పడుకునే చోటు’ అనే అర్థం. మన దగ్గర దాన్ని సమాధుల తోట అంటారు. యోహాను సువార్త ప్రకారం యేసును పెట్టిన సమాధి ఉన్నది తోటలోనే. మొదట చూసిన మగ్దలేనే మరియ ఆయన్ని తోటమాలి అనుకుంది. అనువాదకులు కావాలని పెట్టారో, జనం నోట దానంతటదే కుదిరిందో గానీ, ఇంతకంటే చక్కని పేరు దొరకదు.

ఈ నమ్మకం యేసుతో మొదలైంది కాదు. యూదుల పాత గ్రంథాల్లో చనిపోయినవాళ్లు పాతాళానికి వెళ్తారన్నదే ఎక్కువగా కనిపిస్తుంది, అక్కడ మంచివాడికీ చెడ్డవాడికీ పెద్ద తేడా లేదు. క్రీస్తుపూర్వం 167 ప్రాంతంలో అంతియొకస్ అనే రాజు యూదుల ఆచారాలను నిషేధించి, మాట విననివాళ్లను చంపించాడు. ధర్మం తప్పనివాడు చచ్చి, తప్పినవాడు బతికితే దేవుడి న్యాయం ఏమైనట్టు? మట్టిలో నిద్రించేవాళ్లు మేలుకుంటారన్న దానియేలు గ్రంథంలోని మాట ఆ రోజులదే అని చాలామంది పండితులు అంటారు. ఆ హింస రోజుల గురించి చెప్పే మక్కబీయుల గ్రంథంలో ఏడుగురు అన్నదమ్ముల కథ ఉంది. వాళ్లలో మూడోవాడు నరకబోతున్న చేతులను చాచి, ఇవి దేవుడిచ్చినవి, ఆయన దగ్గరే మళ్లీ తీసుకుంటాను అంటాడు. గుణదల కొండ ఎక్కే కేథలిక్కుల బైబిల్లో ఈ కథ ఉంటుంది, ప్రొటెస్టెంట్లైన గుంటూరు లూథరన్ల చేతిలోని తెలుగు బైబిల్లో ఉండదు. నన్నడిగితే, పునరుత్థానం మొదట చావు భయానికి మందుగా పుట్టలేదు, అన్యాయం మీద ఫిర్యాదుగా పుట్టింది.

యేసు నాటికి యూదు వర్గాల మధ్య ఇది తేలని తగాదా. పరిసయ్యులు పునరుత్థానం ఉందంటే, దేవాలయం పెత్తనం చేతిలో ఉన్న సద్దూకయ్యులు లేదన్నారు. ఉందన్నవాళ్లు కూడా అది లోకాంతంలో అందరికీ కలిపి జరుగుతుందనుకున్నారు. చరిత్ర మధ్యలో, రోమన్లు సిలువ వేసిన ఒక్క మనిషికి ముందుగా జరిగిందని ఎవరూ అనుకోలేదు. క్రైస్తవులు చెప్పిన కొత్త విషయం అదే. దీనికి మన చేతికందిన అతి పాత రాత, తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం, సిలువ తర్వాత పాతికేళ్ల లోపుది. లేచిన యేసును చూసినవాళ్ల పేర్లు ఆయన వరసగా చెబుతాడు. ఒకేసారి 500 మందికి పైగా చూశారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాస్తాడు. సువార్తల్లో మాత్రం ఖాళీ సమాధి దగ్గరికి మొదట వెళ్లింది ఆడవాళ్లు. ఆడవాళ్ల సాక్ష్యానికి పెద్దగా విలువివ్వని కాలం అది. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే విమర్శకుడు దీన్ని పట్టుకునే ఎగతాళి చేశాడు.

గ్రీకులకు వేరే చిక్కు. వాళ్లలో చదువుకున్న చాలామందికి ఒళ్లు ఆత్మకు చెరసాల, విడిపించుకున్నాక మళ్లీ అందులోకి రావడమేమిటి? ఏథెన్సులో పౌలు ఆ మాట ఎత్తగానే కొందరు నవ్వారు. అయినా సంఘం వెనక్కి తగ్గలేదు. విశ్వాస ప్రమాణంలో ‘శరీర పునరుత్థానము’ అనే మాట పెట్టుకుంది. మన చర్చిల్లో ఆదివారం అందరూ గడగడా అప్పజెప్పేస్తారు గానీ, ఆ ‘శరీర’ అన్న మాట వెనక ఇంత గొడవ ఉంది.

ఇక గుంటూరుకు వద్దాం. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న ఇక్కడికి చేరాడు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. అంతకుముందే, 18వ శతాబ్దంలో, ఫిరంగిపురం వైపు రెడ్డి కుటుంబాల్లో కేథలిక్కులు ఉన్నారు. కానీ 19వ శతాబ్దం చివరి సగంలో వేలమందిగా వచ్చి చేరింది మాల, మాదిగ పల్లెల వాళ్లు. వాళ్లకు పూడ్చిపెట్టడం కొత్త కాదు, తరతరాలుగా చేస్తున్నదే. పూడ్చిన మనిషి కోసం ఎదురుచూడటమే కొత్త. తాకితే మైల అని ఊరు దూరం పెట్టిన శరీరం గురించి పౌలు ఇలా అన్నాడని వాళ్లు విన్నారు: ‘ఘనహీనమైనదిగా విత్తబడి మహిమగలదిగా లేపబడును.’ విత్తనం సంగతి కూలిపనికి వెళ్లేవాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పాతేది గింజ, పైకొచ్చేది మొక్క. రెండూ ఒకటి కాదు, అలాగని వేరూ కాదు.

ఈ లోకంలో లెక్క అంత తేలిగ్గా మారలేదు. చర్చిలోకి కులం కూడా నడిచొచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు ఎస్సీ జాబితాకు బయట ఉండిపోయారు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ–సీలో చేర్చారు.

ఇప్పుడు ఇళ్లలో టెన్షన్ పెడుతున్న ప్రశ్న వేరే: స్థలం. నగరాలు పెరిగాయి, సమాధుల తోటలు పెరగలేదు. దహనం చేస్తే తప్పా అని పిల్లలు అడుగుతున్నారు. రోమన్ కేథలిక్ సంఘం దహనాన్ని 1886లో నిషేధించి, 1963లో ఆ నిషేధం సడలించింది. బూడిదను గాలిలోనో నీళ్లలోనో కలపకూడదని, పవిత్ర స్థలంలో భద్రపరచాలని 2016లో మళ్లీ చెప్పింది. కోవిడ్ సమయంలో, 2020లో, కేరళలోని అలప్పుళ మేత్రాసనం (బిషప్ పరిధిలోని సంఘం) తన విశ్వాసులకు దహనాన్ని అనుమతించింది. కాలిస్తే లేవరేమో అన్న భయం చాలా పాతది. 177లో లియోన్ నగరంలో హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం చంపబడినవాళ్ల, శవాలను కాల్చి, బూడిదను రోన్ నదిలో ఊడ్చేశారు, ఇక ఎలా లేస్తారో చూద్దామని. మట్టిలోంచి లేపగలిగినవాడు నదిలోంచి లేపలేడా అన్నది విశ్వాసుల జవాబు. వేదాంతం ప్రకారం దహనానికి అడ్డేమీ లేదు.

అయినా మన దగ్గర ఎక్కువమంది భూస్థాపనే కోరుకుంటారు. తలా గుప్పెడు మట్టి వేయాలి, ఏటా వచ్చి సున్నం వేయడానికి ఒక చోటు ఉండాలి. అందుకే నాన్న సమాధి తవ్వించి అందులోనే అమ్మను పెట్టడం మామూలైంది. పేరు రాయించేటప్పుడు, కింద నాలుగు వరసల జాగా వదలమని ఇప్పుడు పెయింటరుకు ముందే చెబుతున్నారు.