గాలాపగోస్‌లో నాలుగు రోజుల క్రూయిజ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఉంటున్న మన వాళ్లకు పసిఫిక్‌లో ఈక్వెడార్‌కు చెందిన గాలాపగోస్ దీవులకు ట్రిప్పులు కుదర్చడం నా పని. ఫోన్ చేసినవాళ్లు ముందుగా అడిగేది "ఏ షిప్ బాగుంటుందండీ?" అని. నేను తిరిగి అడిగేది "ఏ జంతువును చూడకుండా వెనక్కి వస్తే మీకు బాధేస్తుంది?" అని. చిన్న క్రూయిజ్‌లో మిగతావన్నీ ఆ జవాబును బట్టే తేలతాయి. తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: నాలుగు రోజులంటే నాలుగు రోజులూ తిరగడమే.

వాస్తవం: మొదటి రోజు ఈక్వెడార్ నగరాలైన కీటో నుంచో గ్వాయకీల్ నుంచో విమానం ఎక్కి బాల్ట్రా దీవిలోనో శాన్ క్రిస్టోబల్ దీవిలోనో దిగేసరికి మధ్యాహ్నం కావస్తుంది. పడవ ఎక్కి, భోంచేసి, లైఫ్ జాకెట్ల డ్రిల్లు అయ్యాక సాయంత్రంలోపు ఒక్క చోటు చూస్తారు. ఆఖరి రోజు పొద్దున్నే చిన్న చక్కరు, వెంటనే ఎయిర్‌పోర్టు. చేతికి దక్కేవి రెండు నిండు రోజులు, రెండు అరపూటలు. కొనేముందు రోజులు కాదు, దీవుల మీద ఎన్నిసార్లు దింపుతారో లెక్కపెట్టండి.

అపోహ: ఎనిమిది రోజుల్లో చూపించేవే నాలుగు రోజుల్లో గబగబా చూపిస్తారు.

వాస్తవం: డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లే. 2012లో నేషనల్ పార్కు పెట్టిన నియమం ప్రకారం ఒక పడవ పద్నాలుగు రోజుల్లోపు ఒకే చోటికి రెండోసారి వెళ్లకూడదు. (డార్విన్ పరిశోధన కేంద్రానికి మాత్రం మినహాయింపు.) అందుకని పడవలు 15 రోజుల చుట్టు తిరుగుతుంటాయి. ఆ చుట్టునే కంపెనీలు నాలుగు, ఐదు, ఎనిమిది రోజుల ముక్కలు చేసి అమ్ముతాయి. రైలు ఒకటే, మీరు మధ్యలో ఏదో స్టేషన్‌లో ఎక్కి ఇంకో స్టేషన్‌లో దిగిపోతున్నారు. పడవ అదే, క్యాబిన్ అదే అయినా ఈ వారం ఎక్కినవాళ్లు చూసేది వచ్చే వారం ఎక్కినవాళ్లు చూడరు.

తేడా ఎందుకంటే ఈ దీవులు పుట్టిన తీరే అలాంటిది. భూమి లోపలి వేడి బిందువు (లావా పైకి తన్నుకొచ్చే చోటు) పడమటి కొసన ఉంది. దాని మీద పుట్టిన దీవులను నాజ్కా ఫలకం (కదిలే భూపొర ముక్క) తూర్పు వైపు మోసుకుపోతుంది. అందుకే పడమటన ఉన్న ఫెర్నాండినా ఇంకా రగులుతున్న నల్లటి లావా కొండ. ఆగ్నేయాన ఉన్న ఎస్పాన్యోలా లక్షల ఏళ్లుగా అరిగి చదునైపోయిన ముసలి దీవి. పైగా పసిఫిక్ పైపొర కింద తూర్పుకు పారే క్రామ్‌వెల్ ప్రవాహం పడమటి దీవులకు కొట్టుకుని చల్లటి నీటిని పైకి తెస్తుంది. చల్లటి నీళ్లున్న చోట చేపలుంటాయి. అందుకే పెంగ్విన్లలో ఎక్కువ భాగం ఆ వైపే ఉంటాయి. ఎగరలేని నీటికాకులైతే ఫెర్నాండినా, ఇసబెలా తీరాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించవు.

ఫెర్నాండినాలో పుంటా ఎస్పినోసా అనే చోట కాసేపు ఓపిగ్గా నిలబడండి. నీటికాకి సముద్రంలోంచి ముక్కున సముద్రపు నాచు కరుచుకుని గట్టెక్కుతుంది. గూటిలో కూర్చున్న జోడుకు ఆ నాచు అందించాకే పక్కన నిలబడి, చీకిపోయిన గుడ్డపేలికల్లాంటి రెక్కల్ని చాపి ఎండబెట్టుకుంటుంది. ఆ రెక్కలతో ఎగరలేదు, అయినా అలవాటు పోలేదు. నాకు ఆ దీవుల్లో అన్నిటికన్నా ఇష్టమైన పక్షి అదే.

ఎస్పాన్యోలా ఆకర్షణ వేరు: ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షి. ఆ జాతి దాదాపు మొత్తం గుడ్లు పెట్టేది ఆ ఒక్క దీవిలోనే. ఫెర్నాండినా ఒక కొస, ఎస్పాన్యోలా ఇంకో కొస. రెండూ నాలుగు రోజుల్లో కుదరవు. మధ్య దీవుల ముక్క కొంటే నార్త్ సేమూర్, బార్టొలోమే, శాంటా క్రూజ్ లాంటివి వస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది ఇదే. నీలి కాళ్ల బూబీ పక్షులు, గొంతు కింద ఎర్ర సంచి ఉబ్బించే ఫ్రిగేట్ పక్షులు, నేల ఇగ్వానాలు (పెద్ద బల్లుల్లాంటివి) నార్త్ సేమూర్‌లో ఒక్క పూటలో కనిపిస్తాయి. ఆ నేల ఇగ్వానాలు పుట్టుకతో అక్కడివి కావు. 1930ల ఆరంభంలో పక్కనున్న బాల్ట్రా నుంచి తెచ్చి వదిలారు. తర్వాత బాల్ట్రాలో ఆ జాతి అంతరించింది, సేమూర్‌లో నిలిచింది.

అపోహ: జంతువులు ఏడాది పొడవునా ఉంటాయి, ఎప్పుడెళ్లినా ఒకటే.

వాస్తవం: సముద్ర సింహాలు, ఇగ్వానాలు, బూబీలు ఎప్పుడూ ఉంటాయి. ఆల్బట్రాస్‌లు మాత్రం ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకానే. పిల్లల స్కూలు సెలవులు చూసుకుని వెళ్లే మన కుటుంబాలకు ఇది ముఖ్యం. జూన్, జూలైల్లో వెళితే ఆల్బట్రాస్‌లు ముక్కుతో ముక్కు టకటకా కొట్టుకోవడం చూడొచ్చు. కానీ సముద్రం కాస్త పోటుగా ఉంటుంది, ఆగస్టు, సెప్టెంబరుల్లో మరీను. క్రిస్మస్ సెలవులకు నీళ్లు వెచ్చబడుతుంటాయి. అప్పటికి ఆల్బట్రాస్‌లు దాదాపు ఖాళీ.

అపోహ: భూమధ్యరేఖ కదా, నీళ్లు వెచ్చగానే ఉంటాయి.

వాస్తవం: అంత వెచ్చగా ఉంటే పెంగ్విన్లు బతకవు. జూన్ నుంచి నవంబరు దాకా నీళ్లు 20 డిగ్రీలకు అటూఇటూ ఉంటాయి, పడమటి వైపు ఇంకా చల్లన. పడవలో వెట్‌సూట్ ఇస్తారా, అద్దెకా అని ముందే అడగండి. సిగ్గుపడి వేసుకోకుండా దూకినవాళ్లు పది నిమిషాల్లో వణుక్కుంటూ పైకొస్తారు.

అపోహ: జంతువులు మనుషులకు భయపడవు కాబట్టి ముట్టుకోవచ్చు.

వాస్తవం: రెండు మీటర్ల దూరం ఉండాలి, ఫ్లాష్ వాడకూడదు. బూబీ దారి మధ్యలో కూర్చుంటే పక్కకు తప్పుకోవాల్సింది మనమే. ఇగ్వానా మీ బూటు మీద తుమ్మినా (ఒంట్లోని ఉప్పును ముక్కుల్లోంచి అలా చిమ్మేస్తుంది) చెయ్యి చాచకండి. క్రూయిజ్‌లో దింపే చోట్ల పార్కు లైసెన్సున్న గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. ఒక గైడుకు పదహారు మందికి మించకూడదు.

అపోహ: క్రూయిజంటే వేలమంది ఎక్కే తేలే హోటల్.

వాస్తవం: ఇక్కడ ఒక షిప్‌లో వంద మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. చాలా పడవలు పదహారు మందివే. ఇలాంటి చిన్నవాటిలో కడుపు తిప్పే వాళ్లు కాటమరాన్ (రెండు అడుగుల జంట పడవ) చూసుకోవడం మేలు. మామూలు యాట్ అయితే కింది డెక్‌లో, మధ్య భాగంలో క్యాబిన్ అడగండి. రాత్రి ప్రయాణానికి ముందే మాత్ర వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక కాదు.

అపోహ: అగ్నిపర్వతం పేలితే ఇక అంతే.

వాస్తవం: 2022 జనవరిలో ఇసబెలా మీది వోల్ఫ్, 2024 మార్చిలో ఫెర్నాండినాలోని లా కుంబ్రే బద్దలయ్యాయి. రెండూ ఊళ్లకు దూరం. ఇలాంటప్పుడు పార్కు వాళ్లు కొన్ని చోట్లు మూసేస్తారు, పడవలు దారి మార్చుకుంటాయి.

ఇక చిన్న సంగతులు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తామంటారు, మంచిదే. కానీ పంగా అనే రబ్బరు పడవ నుంచి మోకాలి లోతు నీళ్లలోకి దిగగలరా, బార్టొలోమేలో 370కి పైగా చెక్కమెట్లు ఎక్కగలరా చూసుకోండి. భారత పాస్‌పోర్టు అయితే ఈక్వెడార్ కాన్సులేట్‌లో వీసా సంగతి కనుక్కున్నాకే టికెట్లు కొనండి. పార్కు రుసుము 2024 ఆగస్టు నుంచి పెద్దవాళ్లకు 200 డాలర్లు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు 100. నోట్లు దగ్గర పెట్టుకోండి, అక్కడ చలామణీ అయ్యేది అమెరికా డాలరే. విత్తనాలు, తాజా పళ్లు, కరివేపాకు తనిఖీలో తీసేస్తారు. ప్యాకెట్ పొడులు పెట్టుకోండి గానీ, ఆవకాయ ముక్కకున్న టెంక మొలవదని ఇన్‌స్పెక్టరుకు స్పానిష్‌లో వివరించే ఓపిక ఉంటే తప్ప జాడీ జోలికి పోకండి.