పులి అటూ ఇటూ ఎందుకు తిరుగుతుంది?

చిరంజీవులైన పిల్లలిద్దరికీ,

అమ్మమ్మ ఆశీస్సులు. జూకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ మీరిద్దరూ ఒకటే పోట్లాట అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పులి కంచె వారగా ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతుంటే పెద్దాడేమో "పాపం, దానికి పిచ్చెక్కింది" అన్నాడట. చిన్నదేమో "కాదు, వాకింగ్ చేస్తోంది" అందట. కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని కదా అని తీర్పు నా మీద పెట్టారు. తీర్పుదేముంది, తర్వాత చెప్తాను. అసలు ఇలాంటి తగవు శాస్త్రవేత్తలు ఎలా తేలుస్తారో అది ముందు వినండి.

ఒకే కదలికని, ఏ ప్రయోజనమూ కనిపించకుండా, పదే పదే అలాగే చేస్తూ ఉండడాన్ని స్టీరియోటైపీ అంటారు. పులులు, ఎలుగుబంట్లు పచార్లు చేస్తాయి. ఇరుకు కొట్టాల్లో పెట్టిన పందులు ఇనుప ఊచల్ని నములుతాయి. ఏనుగు నిలబడ్డ చోటే తల ఆడిస్తూ ఊగుతుంది. కాలికి గొలుసుతో ఉన్న ఏనుగు అలా ఊగుతుంటే "డాన్స్ చేస్తోంది" అని జనం చప్పట్లు కొట్టి వీడియోలు తీస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. అడవిలో తిరిగే ఏనుగుల్లో ఇది దాదాపు కనిపించదు.

పులీ సింహం ఇలా ఎందుకు తిరుగుతాయంటే, "వేటాడే జంతువుకి వేట లేకుండా చేశారు, అందుకే" అని చాలామంది అనుకునేవారు. వినడానికి సబబుగానే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు దీన్ని లెక్కలతో పరీక్షించి 2003లో ప్రకటించారు. రకరకాల మాంసాహార జంతువులు జూల్లో ఎంత పచార్లు చేస్తాయో, వాటి పిల్లలు ఎన్ని చనిపోతాయో ఒక పక్కన రాసుకున్నారు. అడవిలో అవి ఎలా బతుకుతాయో ఇంకో పక్కన. తీరా చూస్తే వేటకీ పచార్లకీ పెద్ద సంబంధం కనిపించలేదు. అడవిలో ఎంత దూరం తిరుగుతాయన్నదే తేడా తెచ్చింది. విశాలమైన ప్రాంతంలో తిరిగే జంతువులే బోనులో ఎక్కువ పచార్లు చేస్తున్నాయి, వాటి పిల్లలే ఎక్కువగా చనిపోతున్నాయి. ధ్రువపు ఎలుగుబంటి సంగతి వినండి. దానికి జూలో మామూలుగా దొరికే జాగా, స్వేచ్ఛగా ఉన్నప్పుడు అది తిరిగే కనీస ప్రాంతంలో పది లక్షల వంతు.

ఇంకో ఐదేళ్లకి వీళ్లే మరికొందరితో కలిసి యూరప్ జూల్లోని ఏనుగుల ఆయుష్షు లెక్కగట్టారు. అక్కడ పుట్టిన ఆఫ్రికా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం ఏనుగులు చనిపోయేసరికి అయ్యే వయసు, 16.9 ఏళ్లు. కెన్యాలోని అంబోసెలి పార్కులో, మనుషుల చేతిలో చచ్చినవి తీసేసి లెక్క వేస్తే, 56 ఏళ్లు. జూలో మంచి తిండి, పక్కనే డాక్టరు, సింహాల భయం లేదు. అయినా అంత తేడా!

సరే, ఆయుష్షు లెక్క చచ్చాక తెలిసేది. బతికున్నప్పుడే దానికి ఏం కావాలో తెలుసుకోవడం ఎలా? ఇక్కడే నాకు బాగా నచ్చిన కథ ఉంది. కోళ్ల కథ.

1964లో బ్రిటన్ ప్రభుత్వం బ్రాంబెల్ అనే ప్రొఫెసర్ నాయకత్వంలో ఒక కమిటీ వేసింది, ఫారాల్లో జంతువుల్ని ఎలా ఉంచుతున్నారో చూడమని. చాలా మంచి కమిటీ. ఏ జంతువైనా నిలబడ్డానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికి చోటుండాలని రాసింది వాళ్లే. కోళ్ల పంజరాల అడుగున వేసే సన్నటి ఆరు మూలల వైరు మెష్ కూడా వాళ్లకి నచ్చలేదు. పాదాలకి నొప్పి పుడుతుందని, దాని బదులు లావు తీగల మెష్ వేయమన్నారు. చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

1973లో హ్యూస్, బ్లాక్ అనే ఇద్దరు ఆ మాట కోళ్లనే అడిగారు. పంజరంలో ఒక పక్క ఈ మెష్, ఇంకో పక్క ఆ మెష్ వేసి కోళ్లని వదిలారు. అవి పెద్దమనుషులు వద్దన్న సన్న మెష్ మీదే ఎక్కువసేపు నిలబడ్డాయి! అందులో తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పాదానికి ఎక్కువ చోట్ల ఆసరా దొరుకుతుంది. జాలిపడ్డ మనుషులకి తట్టనిది కోడి కాలికి తెలిసింది.

అయితే మరి అడిగితే సరిపోతుందా? చాలదు. మరియన్ డాకిన్స్ అనే ఆవిడ కోళ్లకి ఒక పక్క ఇరుకు పంజరం, ఒక పక్క పచ్చిక దొడ్డి చూపించింది. పుట్టి పెరిగిందంతా పంజరంలోనే అయిన కోళ్లు మొదట పంజరంలోకే వెళ్లాయి. దొడ్డి రుచి తెలిశాక గానీ అటు మళ్లలేదు. మీ తాతయ్య హోటల్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇడ్లీయే చెప్తారు, గుర్తుందా? అలవాటైంది వేరు, కావాల్సింది వేరు.

అందుకని ప్రశ్న మార్చారు. "నీకేది ఇష్టం?" అని కాదు, "దానికోసం ఎంత కష్టపడతావు?" అని. మింక్ అని ఒక జంతువుంది, పొడుగ్గా ముంగిసలా ఉంటుంది, చక్కగా ఈదుతుంది. బొచ్చు కోటుల కోసం దాన్ని చిన్న బోనుల్లో పెంచుతారు. ఫారాల్లోనే పుట్టిన మింకులు ఈత ఎరగవు కదా, ఎరగనిదాని మీద బెంగ ఎందుకుంటుంది అని ఫారాలవాళ్ల వాదన. మేసన్ బృందం ఏం చేసిందంటే, ఒక్కో మింక్ బోనుకి చుట్టూ గదులు కట్టింది. ఒకదాంట్లో నీటి తొట్టి, ఒకదాంట్లో బొమ్మలు, ఒకదాంట్లో ఇంకో గూడు, ఒకదాంట్లో ఎత్తైన అరుగు. ఒక గది ఖాళీగానే వదిలేశారు. ప్రతి గదికీ తోసుకుని వెళ్లాల్సిన తలుపు, ఆ తలుపుకి బరువులు. రోజులు గడిచేకొద్దీ బరువు పెంచుకుంటూ పోయారు. బరువు పెరిగినా మింకులు వదలనిది నీటి తొట్టి ఉన్న గది.

అక్కడితో ఆగలేదు. ఒక రోజంతా తొట్టి గది తలుపు మూసేసి వాటి మూత్రంలో కార్టిసాల్ కొలిచారు. ఒళ్లు ఒత్తిడికి లోనైతే పెరిగే హార్మోన్ అది. తిండి ఆపితే ఎంత పెరిగిందో ఈత ఆపినా దాదాపు అంతే పెరిగింది. ఖాళీ గది మూస్తే ఏమీ కాలేదు. 2001లో ఇది అచ్చయింది. ఇంత శుభ్రంగా అడిగి ఇంత శుభ్రంగా జవాబు రాబట్టిన ప్రయోగాలు నేను చదివినవాటిలో తక్కువ.

పులిని ఇలా తలుపులు తోయించి పరీక్షించడం కష్టం. రక్తం తీద్దామంటే మత్తు ఇవ్వాలి, ఆ మత్తే పెద్ద ఒత్తిడి. అందుకని దాని మలం ఏరుకొస్తారు! ముక్కు మూసుకోకండి, అందులోకి కూడా ఆ హార్మోన్ల ఆనవాళ్లు దిగుతాయి. పులి జోలికి పోనక్కర్లేదు, దానికి తెలియను కూడా తెలియదు. మన హైదరాబాద్‌లోనే, అత్తాపూర్‌లో, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ అనే ల్యాబ్‌లో ఈ పని చేస్తారు. మన దేశపు జూల్లోని పులులు, చిరుతల మీద 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో కూడా ప్రవర్తననీ మలంలోని హార్మోన్లనీ కలిపే చూశారు. విశాలమైన జాగా, చెట్లు, రాళ్లు, నీటి గుంట ఉన్నచోట పచార్లు తగ్గాయి. కీపరు ప్రేమగా ఉన్నచోట కూడా తగ్గాయి. జూ బాగుచేయాలంటే కోట్లే కావాలనేవాళ్లు ఈ చివరి మాట చదవాలి.

ఇక తీర్పు. పెద్దాడా, నీ మాట నిజానికి కాస్త దగ్గర. కానీ పిచ్చి అనకు నాన్నా. ఇరుకులో పడ్డ జంతువు తనని తాను సముదాయించుకునే దారి కూడా అదే కావచ్చు. ఒకేలాంటి బోనుల్లో పచార్లు చేసే జంతువుకంటే మూలన ముడుచుకుని కదలకుండా ఉన్నదే ఎక్కువ బాధలో ఉన్న సందర్భాలున్నాయి. ఇంకో చిక్కు, ఈ అలవాటు మచ్చలా మిగిలిపోతుంది. సర్కసుల్లో సింహాలు, పులుల ఆటలు ఆగిపోయాక చాలావాటిని విశాఖ, తిరుపతి జూల్లోని రెస్క్యూ సెంటర్లకి తెచ్చారు. చిన్న బోనులో ఏళ్ల తరబడి బతికిన జంతువు పెద్ద దొడ్లోకి వచ్చాక కూడా పాత బోను పొడవు మేరకే నడిచి వెనక్కి తిరగొచ్చు. అది చూసి ఇప్పుడున్న చోటుని తిట్టడం తప్పు.

పైగా మీరు వెళ్లింది సాయంత్రమట! పులులకీ సింహాలకీ సాయంత్రం లోపలి గదుల్లో మాంసం పెడతారు. మీ పులి ఆ గేటు వైపే తిరుగుతుంటే భోజనం కోసం ఎదురుచూస్తుండొచ్చు. ఏ వైపు తిరిగిందో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. అందుకే తీర్పు ఇవ్వను.

మళ్లీ వెళ్లండి, ఈసారి పొద్దున్నే. ఒక నోటుబుక్కు, సెకన్ల ముల్లున్న వాచీ పట్టుకెళ్లండి. ఒకే పులి ముందు అరగంట కూర్చోండి. ప్రతి నిమిషం ముల్లు పన్నెండు మీదకి వచ్చిన ఆ క్షణంలో పులి ఏం చేస్తోందో ఒక్క మాట రాయండి: నిద్ర, నడక, నీళ్లు, వాసన చూడడం. మధ్యలో ఎంత తమాషా జరిగినా రాయకూడదు, లేకపోతే తమాషాలే లెక్కలోకి వస్తాయి. ఇద్దరూ విడివిడిగా రాయండి, ఒకరిది ఒకరు చూసుకోవద్దు. మధ్యాహ్నం ఇంకో అరగంట, సాయంత్రం ఇంకో అరగంట. మీ ఇద్దరి లెక్కలూ ఎక్కడ కలవలేదో నాకు ముందు అవి పంపండి. సోమవారం జూకి సెలవు, ఆ రోజు బయల్దేరకండి.

మీ
అమ్మమ్మ