కరెంటు ఇంజను, డీజిల్ ఇంజను ఒకే రైలుకు: అపోహలు - వాస్తవాలు

ఎక్స్‌ప్రెస్ రైలుకు ముందు కరెంటు ఇంజను, దాని వెనుకే డీజిల్ ఇంజను కనిపిస్తే ప్లాట్‌ఫారం మీద ఉన్నవారు రకరకాలుగా ఊహిస్తారు. లోకో పైలట్‌గా రెండింటినీ నడిపాను కనుక, తరచూ నా చెవిన పడిన మాటలకు సమాధానం రాస్తున్నాను.

అపోహ: రెండు ఇంజన్ల బలం కలిసి రైలు వేగం పెరుగుతుంది.

వాస్తవం: చాలాసార్లు ఆ రెండో ఇంజను పనిచేస్తూ ఉండదు. షెడ్డుకో మరో స్టేషనుకో చేర్చడానికి దాన్ని డెడ్‌గా తగిలించి తీసుకుపోతుంటారు. 123 టన్నుల డబ్ల్యూడీపీ-4డీ రకం డీజిల్ ఇంజను అలా వెంట వస్తే, ముందున్న ఇంజనుకు అది రెండు పెట్టెలను మించిన అదనపు బరువు మాత్రమే. ఒకే రకం డీజిల్ ఇంజన్లయితే ఆదేశాలను ఒకదాని నుంచి మరోదానికి చేరవేసే జంపర్ కేబుల్‌తో కలిపి, ముందు క్యాబు నుంచే ఒక సిబ్బంది రెండింటినీ నడపవచ్చు. కరెంటు, డీజిల్ ఇంజన్ల మధ్య ఈ వీలు లేదు. శక్తిని పెంచే డీజిల్ హ్యాండిల్‌కు 8 నాచ్‌లు (మెట్లు) ఉంటాయి, డబ్ల్యూఏపీ-4 రకం కరెంటు ఇంజనులో అదే పని చేసే ట్యాప్ ఛేంజర్‌కు 32 ఉంటాయి, డబ్ల్యూఏపీ-7 రకం కరెంటు ఇంజనులో అసలు మెట్లే ఉండవు. కాబట్టి ఒకదాని ఆదేశాన్ని రెండోది అందుకోలేదు. రెండూ కలిసి లాగక తప్పనప్పుడు రెండింటిలోనూ సిబ్బంది ఉండి, వాకీటాకీలతోనూ ఈలల సంకేతాలతోనూ సమన్వయం చేసుకుంటారు. అప్పుడు కూడా రైలు బ్రేకు ముందు ఇంజను అధీనంలోనే ఉంటుంది. ఇక వేగమంటారా, పట్టాలకూ పెట్టెలకూ అనుమతించిన పరిమితి దాటడానికి ఎన్ని ఇంజన్లున్నా వీల్లేదు.

అపోహ: డీజిల్ ఇంజనుకు శక్తి చాలకే, ఇంజను మార్చినప్పుడు ఏసీ ఆగుతుంది.

వాస్తవం: పాత ఐసీఎఫ్ రకం పెట్టెల్లో చాలావాటికి ఇంజను నుంచి కరెంటు రాదు, ఇరుసుతో తిరిగే ఆల్టర్నేటరు 110 వోల్టుల బ్యాటరీలను ఛార్జి చేస్తుంది. కొత్త తరహా ఎల్‌హెచ్‌బీ పెట్టెల రైళ్లలో చివర ఉండే పవర్ కారు జనరేటర్లు 750 వోల్టుల సరఫరా ఇస్తాయి. పెట్టెల లైట్లకూ ఏసీకీ కరెంటిచ్చే హోటల్ లోడ్ కన్వర్టరున్న డబ్ల్యూఏపీ-7 తగిలినప్పుడు ఆ సరఫరా పైనున్న వైరు నుంచే అందుతుంది కనుక జనరేటర్లను ఆపేస్తారు. అటువంటి ఏర్పాటు లేని డీజిల్ ఇంజను వచ్చిందంటే వాటిని మళ్లీ నడపాలి, ఆ మార్పిడిలోనే ఏసీ కాసేపు ఆగుతుంది. కొంకణ్ మార్గంలో మహారాష్ట్రలోని రోహా నుంచి కర్ణాటకలోని తోకూర్ దాకా విద్యుదీకరణ 2022లో పూర్తయింది. అంతకు ముందు దశాబ్దాల పాటు అక్కడి దూరప్రయాణ రైళ్లను డీజిల్ ఇంజన్లే లాగాయి కనుక, కరెంటు ఇంజనుతో వచ్చిన రైలుకు ఇలా ఇంజను మార్చాల్సి వచ్చేది.

అపోహ: 25,000 వోల్టుల వైర్ల కింద డీజిల్ ఇంజను నడపకూడదు.

వాస్తవం: నిరభ్యంతరంగా నడపవచ్చు. ప్రమాదమంతా దాని పైకప్పు ఎక్కడంలోనే ఉంది, ఎందుకంటే పవర్ బ్లాక్ (వైరులో కరెంటు ఆపించే అనుమతి) లేకుండా వైరుకు 2 మీటర్ల లోపు ఎవరూ వెళ్లకూడదు. వైరు తెగినప్పుడు, లేదా కరెంటు లేని న్యూట్రల్ సెక్షన్‌లో కరెంటు ఇంజను ఆగిపోయినప్పుడు, ఆదుకునేది తరచూ డీజిల్ ఇంజనే.

అపోహ: కప్లింగ్ తగిలించగానే రైలు బయలుదేరవచ్చు, ఆలస్యం సిబ్బంది అలసత్వమే.

వాస్తవం: కప్లింగ్ పడడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాత హోస్ పైపులు కలిపి, చదరపు సెంటీమీటరుకు బ్రేక్ పైపులో 5 కిలోల, ఫీడ్ పైపులో 6 కిలోల గాలి పీడనం నింపి, చివరి పెట్టె దాకా బ్రేకు పడుతోందా, వదులుతోందా అని చూడాలి. వెనుక నుంచి ట్రైన్ మేనేజర్ (గార్డు) తన గేజీ చూసి పీడనం సరిపోయిందని చెప్పేదాకా నేను ఏనాడూ రైలు కదిలించలేదు.