వెండి నల్లబడేది బయటి మురికితో కాదు

కరీంనగర్ ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగల అల్లిక) పెట్టె కొన్నవాళ్లలో చాలామందికి ఒకటే అనుమానం: ఇంట్లో వెండి కంచం తెల్లగానే ఉంది, ఇది మాత్రం నల్లబడింది, కల్తీ ఉందేమో! కంచమూ నల్లబడుతుంది. కాకపోతే రోజూ తోముతాం కాబట్టి తెలియదు. పేనిన సన్నటి తీగను చుట్టలు చుట్టి, చట్రంలో ఇమిడ్చి, టంకం పెట్టి అతికిన పనిలో ఆ సందుల్లోకి ఏ వేలు పోతుంది?

వెండిని నల్లబరిచేది ఆక్సిజన్ కాదు, గాలిలో అతి కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు. మురుగు కాలువ దగ్గర, కుళ్లిన గుడ్డులో ముక్కుకు తగిలేది అదే. వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. మొదట్లో పొర కొన్ని పదుల నానోమీటర్లే (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) ఉంటుంది, అప్పుడు వెండి లేత పసుపుగా కనిపిస్తుంది. మందం పెరిగేకొద్దీ గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు. పొర పైన, కింద తిరిగొచ్చే కాంతి అలలు ఒకదాన్నొకటి పెంచుకోవడమో చెరుపుకోవడమో చేస్తాయి కాబట్టే ఈ రంగులు. అంటే రంగు చూసి మందం అంచనా వేయొచ్చు.

మరి ఆ పొర ఎటువైపు పెరుగుతుంది? గంధకం లోపలికి పోతుందా, వెండి బయటికి వస్తుందా? జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ వాగ్నర్ 1930లలో దీన్ని తేల్చిన తీరు నాకు భలే ఇష్టం. కింద వెండి, దాని మీద రెండు సిల్వర్ సల్ఫైడ్ బిళ్లలు, పైన కరిగిన గంధకం. కొంతసేపయ్యాక విడదీసి తూచాడు. వెండి బరువు తగ్గింది. దాన్ని ఆనుకున్న బిళ్ల బరువు మారలేదు. గంధకాన్ని ఆనుకున్న బిళ్ల బరువు పెరిగింది. వెండే అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న పరమాణువులుగా, రెండు బిళ్లలనూ దాటి పైకొచ్చి గంధకంతో కలిసిందన్నమాట. పొర పెరిగేది బయటి అంచున, సరుకు వచ్చేది లోపలి నుంచి.

చాలా లోహాల మీద పొర మందమైనకొద్దీ దారి పొడవవుతుంది, పెరుగుదల నెమ్మదిస్తుంది. మందం రెట్టింపు కావాలంటే నాలుగింతల కాలం పడుతుంది. ఇంట్లో వెండి సంగతి వేరు. ఈ పొరలో వెండి అయాన్లు చురుగ్గా కదులుతాయి, గాలిలో వాయువేమో బహు తక్కువ. ఆలస్యమంతా వాయువు వచ్చి తగలడంలోనే. అందుకే గాలి చొరని డబ్బాలో పెట్టిన వస్తువు తెల్లగా నిలుస్తుంది. తేమ పెరిగితే వేగం పెరుగుతుంది కాబట్టి వానాకాలంలోనే జాగ్రత్త.

పొరను కొలవడానికి ప్రయోగశాలలో ఒక తేలిక పద్ధతి ఉంది: ద్రావణంలో ముంచి, కొద్దిపాటి కరెంటుతో సల్ఫైడ్‌ను తిరిగి వెండిగా మార్చడం. ఎంత విద్యుదావేశం ఖర్చయిందో లెక్కేస్తే మందం తెలిసిపోతుంది.

పాలిష్ ఖరీదు కూడా లెక్కేయొచ్చు. 10 గ్రాముల వెండిని గుండ్రటి ముద్ద చేస్తే ఉపరితలం 5 చదరపు సెంటీమీటర్ల లోపే. 0.2 మిల్లీమీటర్ల తీగగా లాగితే 30 మీటర్లు సాగి, దాదాపు 190 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. దాని మీద 100 నానోమీటర్ల పొరను అరగదీస్తే సుమారు 12 మిల్లీగ్రాముల వెండి పోయినట్టే. ముద్ద మీదైతే మిల్లీగ్రాములో మూడో వంతు.

అతుకుల దగ్గర ఇంకో చిక్కు. అతికే లోహంలో రాగి కలుస్తుంది, అక్కడ తేమ పట్టిందంటే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారై, రాగి ముందు దెబ్బతింటుంది. చాలాసార్లు నలుపు మొదలయ్యేది అక్కడే.

రుద్దకుండా తెల్లబరచాలంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి, గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, వస్తువు దానికి తగిలేలా పెట్టాలి. అల్యూమినియం తను తుప్పుపట్టి సల్ఫైడ్‌లోని వెండిని తిరిగి వెండిగానే మారుస్తుంది. కొద్దిగా కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారుపడనక్కర్లేదు, గంధకం అలా పోతోంది. రాళ్లు పొదిగినవి, నగిషీ కనబడాలని కావాలనే నల్లబరిచినవి మాత్రం ఇందులో వేయొద్దు. ఆ నలుపు కూడా పోతుంది.